సుబ్బారావు గారి మందు ఉండగా కోత ఎందుకు?

చిక్కడపల్లి పాఠకులు ఫోన్ చేశారంటే మెచ్చుకోవడానికి కాదు, నిలదీయడానికే. ఈ సోమవారం పొద్దున్నే ఒక పెద్దాయన పట్టుకున్నారు. "ఏమండీ, సందు దొరికితే చాలు, యల్లాప్రగడ సుబ్బారావు గారిని తెచ్చి కాలమ్‌లో కూర్చోబెడతారు. మా కోడలికి గర్భం ట్యూబులో నిలిచిందట. ట్యూబ్ తీసేయాలంటున్నారు. ఆయన మందుతో కరిగిపోతుందని మీరే రాశారుగా, మరి కోత దేనికి?"

నాకూ ఒళ్లు మండింది, ఆస్పత్రి మీద. కోతలతో నా పాత తగాదా మీకు తెలిసిందే. తెలంగాణలో ప్రసవాల్లో 60 శాతం సిజేరియన్లేనని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ప్రైవేటు ఆస్పత్రుల్లో అది 80 దాటింది. నారాయణగూడ చౌరస్తా నుంచి హిమాయత్‌నగర్ దాకా నడిచేటప్పుడు నర్సింగ్ హోమ్ బోర్డు కనబడితే నా మొహం దానంతటదే చిట్లుతుంది. ఆ ఊపులోనే కలం తీశాను.

పిండం గర్భసంచిలోకి చేరకుండా దారిలో ఆగిపోవడం అంత అరుదేమీ కాదు. వంద గర్భాల్లో ఒకటో రెండో అలా అవుతాయి. వాటిలో పదింట తొమ్మిదికి పైగా ట్యూబులోనే. సుల్తాన్‌బజార్, పేట్లబుర్జు ప్రసూతి ఆస్పత్రుల్లో ఇది వింత కేసు కాదు. ట్యూబ్ గర్భసంచిలా సాగదు. ఆరు, ఎనిమిది వారాలకు చిట్లితే రక్తమంతా కడుపులోకే పోతుంది, బయటికి కనిపించేది నాలుగు చుక్కలు. ఒక్కోసారి భుజం కొసన నొప్పి పుడుతుంది. లోపల చేరిన రక్తం డయాఫ్రమ్‌ను తాకితే, దాని నరం మోసే నొప్పి భుజంలో తెలుస్తుంది. అశోక్‌నగర్ హాస్టల్లో గ్రూప్స్‌కి చదివే కొత్త పెళ్లికూతురు దాన్ని గ్యాస్ అనుకుని మెడికల్ షాపులో మాత్ర కొనుక్కుంటుంది. నలభై దగ్గర పడ్డ అమ్మకైతే అసలు అనుమానమే రాదు, "నాకు ఆపరేషన్ అయిపోయిందిగా" అంటుంది. అదే కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా వివాహితలు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. ఆ తర్వాత గర్భం రావడం బహు అరుదు. వస్తే మాత్రం మూడింట ఒకటి దాకా ట్యూబులోనే.

ఇక సుబ్బారావు గారు. తప్పదు, భరించండి. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్‌ఎంఎస్ చేతిలో పెట్టి పంపారు. 1920ల్లో బోస్టన్ చేరారు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఆ తర్వాత దానికి అడ్డుపడే మందులూ చేసింది. త్వరత్వరగా విభజన చెందే కణాలకు ఫోలిక్ ఆమ్లం అందకపోతే అవి ఆగిపోతాయి. ఆ మందుల్లో ఒకటైన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల బ్లడ్ క్యాన్సర్‌ను కొన్నాళ్లయినా వెనక్కి నెట్టగలిగారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు. అమినోప్టెరిన్ తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను 1982లో జపాన్ డాక్టర్లు ట్యూబులో నిలిచిన గర్భానికి వాడి చూశారు. పిండం కణాలూ అంతే వేగంగా పెరిగేవి మరి. నెల తప్పిందని తెలియగానే ప్రతి అమ్మాయి చేతిలో పెట్టే ఫోలిక్ ఆసిడ్ మాత్రను మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ ఇచ్చే రోజున మాన్పించేస్తారు. రెండూ ఆ బృందం చేతుల మీదుగా వచ్చినవే!

ఇంతవరకు రాసి, పెద్దాయనకు చెప్పడానికి మరో మాట పట్టుకుందామని, కింగ్‌కోఠి వైపు డాక్టరుగా ప్రాక్టీసు చేసే మా స్నేహితుడి కూతురికి ఫోన్ కొట్టాను. ఆ అమ్మాయి నన్ను సగంలోనే ఆపింది.

"అంకుల్, బీటా హెచ్‌సీజీ, అదే రక్తంలో గర్భం హార్మోన్, ఎంతుంది? స్కాన్‌లో గుండె కొట్టుకుంటోందా? కడుపులో రక్తం ఉందా? బీటా తక్కువగా ఉండి, మిగతా రెండూ లేకపోతేనే ఇంజెక్షన్. వేసినంత మాత్రాన పని అయిపోదు. నాలుగో రోజు రక్తం తియ్యాలి, ఏడో రోజు తియ్యాలి. ఆ మధ్య బీటా 15 శాతమైనా తగ్గకపోతే మళ్లీ ఇంజెక్షనో, ఆపరేషనో. తగ్గినా సున్నాకు వచ్చేదాకా వారం వారం రావాలి. ఈలోపు ట్యూబ్ పగలదని గ్యారంటీ లేదు. ఇంతకీ ఆమె ఉండేదెక్కడ?"

పెద్దాయన కొడుకు ఉద్యోగం అచ్చంపేటలో, కోడలూ అక్కడే. అర్ధరాత్రి నొప్పి మొదలైతే హైదరాబాద్ చేరేసరికి ఎంతసేపవుతుందో లెక్కేసుకుని, రాసిన రెండు పేరాలు కొట్టేశాను.

1883లో బర్మింగ్‌హామ్‌లో లాసన్ టైట్ పగిలిన ట్యూబ్‌ను తీసేసి ఒక ప్రాణం నిలబెట్టేదాకా, ఇలాంటి రోగిని డాక్టర్లు పక్కన నిలబడి చూడ్డమే. ఇవాళ మూడు చిన్న రంధ్రాలతో ల్యాపరోస్కోపీలో అయిపోతుంది, చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పోతారు. పది నిమిషాల్లో ఆస్పత్రి చేరగల హిమాయత్‌నగర్ అమ్మాయికి, బీటా తక్కువగా ఉంటే, సుబ్బారావు గారి మందు వరమే. అచ్చంపేట కోడలికి మాత్రం నా ఓటు కత్తికే.

పెద్దాయనకు అదే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించింది: "ఇంక పిల్లలు పుడతారా అని అడగండి." అసలు బెంగ కోత గురించి కాదన్నమాట. రెండో ట్యూబ్ బాగుంటే, చెడినదాన్ని చీల్చి పిండం తీసి అలాగే ఉంచినా, మొత్తం తీసేసినా, తర్వాత గర్భం వచ్చే అవకాశంలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2014లో ల్యాన్సెట్‌లో వచ్చిన ట్రయల్ తేల్చింది. ఆ మాట చెప్పి, ఒక పని అప్పగించాను. డిశ్చార్జి కాగితంలో ఏ వైపు ట్యూబ్ తీశారో, రెండోది ఎలా కనిపించిందో స్పష్టంగా రాయించుకోండి, మన డాక్టర్ల గొలుసుకట్టు రాత వద్దు, టైపు చేయించండి. మళ్లీ నెల తప్పితే ఆరో వారంలోనే స్కాన్. పదిమందిలో ఒకరికి ఇది తిరిగి వస్తుంది కాబట్టి, ఆ కాగితం అచ్చంపేటలో బీరువాలో కాకుండా ఆమె హ్యాండ్‌బ్యాగులో ఉండాలి.