గెజిట్ చదివే మనిషి

ఈ వారం మా వీధి ఆడవాళ్లు చేసిన పనికి నా మనసు నిండిపోయింది. బడి దగ్గర్లో వైన్ షాపు తెరుస్తున్నారని తెలిసి అర్జీ పట్టుకుని ఎక్సైజ్ స్టేషన్‌కు వెళ్లారు. వెళ్లేముందు టేపు పట్టి దూరం కొలిచారు. బడి గేటు నుంచి షాపు గుమ్మం దాకా మనుషులు నడిచే దారి వెంబడే కొలిచి, ఆ అంకెను అర్జీలో మొదటి వాక్యంలోనే పెట్టారు. నూరు మీటర్ల నిబంధన సంగతి చాలామంది వినే ఉంటారు. ఆ నూరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలిసినవాళ్లు తక్కువ. మా ఆడవాళ్లకు అది తెలుసు. అందుకే అధికారి ఆ కాగితాన్ని పక్కన పడేయలేకపోయాడు.

ఈ కాలమ్ చదివేవారికి నా పాత పాట తెలుసు. తలుపులు మూసి జరిపే మంతనాలంటే నాకు గిట్టదు. ప్రభుత్వాన్ని కదిలించేది రోడ్డెక్కిన జనమేనని ఏళ్లుగా రాస్తున్నాను. ఆ నమ్మకం నాకు దూబగుంట ఇచ్చింది.

నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగుతున్న రోజులవి. రాత్రిబడి వాచకంలో సీతమ్మ కథ చదువుకున్న దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. వాళ్ల ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. తర్వాతి వాచకంలో వాళ్ల కథే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమైంది. అది చదివి పక్క ఊళ్లు లేచాయి. వాచకం అచ్చువేయించిందీ సర్కారే, సారా వేలం పాటలు పాడించిందీ సర్కారే. ఒక చేయి నేర్పిన అక్షరంతో రెండో చేతిని నిలదీశారు ఆ తల్లులు.

వాళ్లు దెబ్బ ఎక్కడ కొట్టారో చూడండి. 1992లో వేలం పాటల మీద పడ్డారు. కాంట్రాక్టరు పాట పాడితేనే ఖజానాకు డబ్బు, ఊరికి సారా. ఆడవాళ్లు వేలం జరిగే చోటికే వెళ్లి అడ్డుకుంటే పాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. ఉపన్యాసాలకు కదలని యంత్రాంగం అక్కడ ఆగింది. ‘ఈనాడు’ రోజూ ఆ వార్తలకు చోటిచ్చింది. ఊళ్లో జరిగిన తగవు హైదరాబాద్‌లో మంత్రులు జవాబు చెప్పాల్సిన విషయమైంది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడు అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. 1994 ఎన్నికల్లో ఎన్టీఆర్ మద్యనిషేధం వాగ్దానం చేసి గెలిచారు. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. పలక పట్టిన చేతులు సాధించిన చట్టం అది. ఈ మాట రాసినప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

1997లో ఆ నిషేధాన్ని సడలించారు. ఆదాయం పడిపోయిందన్నారు, దొంగసరుకు పొరుగు రాష్ట్రాల నుంచి వస్తోందన్నారు. రెండూ కొట్టిపారేయదగ్గ మాటలు కావు. కానీ సచివాలయం గదుల్లో ఖజానా లెక్క చెప్పేవాళ్లు రోజూ ఉంటారు. మొగుడు కూలి డబ్బు తాగేసిన ఇంట్లో పొయ్యి వెలగని లెక్క చెప్పేందుకు అక్కడ మనిషి లేడు. జనం రోడ్డు మీద ఉన్నన్నాళ్లు గెలిచారు. ఇంటికి వెళ్లాక గదుల్లో ఉన్నవాళ్లు గెలిచారు.

అక్కడి నుంచి నా ఆలోచన మరో దారి పట్టింది. రోడ్డు ప్రమాదంలో గాయపడి చక్రాల కుర్చీకి పరిమితమైన హర్మన్ సిద్ధూ అనే చండీగఢ్ వాసి కోర్టుకెక్కితే, హైవేలకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదని 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. దుకాణాల పక్షం వాళ్లు వీధుల్లో అరిచి ఊరుకోలేదు, ఆ కొలత మీదే పడ్డారు. నాలుగు నెలలు తిరక్కుండానే 20,000 లోపు జనాభా ఉన్న ఊళ్లలో ఆ దూరం 220 మీటర్లకు తగ్గింది. కొన్ని రాష్ట్రాలు ఊళ్ల మధ్య సాగే రాష్ట్ర రహదారులను మామూలు రోడ్ల జాబితాలోకి మార్చాయి. కేరళలో ఒక బారు తలుపు దాకా మెలికల దారి కట్టి, నడిచే దూరాన్ని పెంచుకుంది. జూలైలో పట్టణ పరిధికి మినహాయింపు దొరికింది. తీర్పు పేరు అలాగే ఉంది, కొలత చాలాచోట్ల మారిపోయింది.

రోడ్డు మీదే కాదు, కాగితం మీది మాటల్లోనూ గెలవాలన్న సంగతి సమాచార హక్కు కోసం పోరాడినవాళ్లకు ముందే తెలుసు. 1996లో రాజస్థాన్‌లోని బ్యావర్‌లో కూలీలు, రైతులు 40 రోజులు ధర్నాకు కూర్చున్నారు. అదే ఏడు చట్టం ముసాయిదా రాసే పనీ మొదలైంది. జస్టిస్ సావంత్ నాయకత్వంలో ప్రెస్ కౌన్సిల్ ఒక ముసాయిదా తయారుచేసింది. 2005 చట్టం వెనుక ధర్నా ఎంత ఉందో, కామాలూ క్లాజులూ చూసుకున్న ఆ ఓపికా అంతే ఉంది.

కాబట్టి మంతనాలను ఇక తిట్టను. పేదవాళ్ల తరఫున అవి జరగకపోవడం మీదే నా కోపం. కేంద్రం 2014లో తెచ్చిన విధానం ప్రకారం చట్టాల ముసాయిదాలను కనీసం 30 రోజులు జనం ముందుంచాలి. ఆ 30 రోజుల్లో కంపెనీల తరఫున ముసాయిదా చదివేందుకు లాయర్లుంటారు. మన తరఫున ఎవరు చదువుతున్నారు?

సారా ఉద్యమం తర్వాత అదే నెల్లూరులో ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచి పొదుపులక్ష్మి సంఘాలు కట్టుకున్నారు. ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పొదుపు సంఘాలకు లెక్కల పుస్తకాలు రాసేవాళ్లున్నారు. ప్రతి మండల సమాఖ్యా గెజిట్లు, ముసాయిదాలు చదివే మనిషినొకరిని జీతమిచ్చి పెట్టుకోవాలి. ఆ మనిషికి శిక్షణ ఇచ్చే పని లా కాలేజీలు తీసుకోవాలి, వచ్చే విద్యా సంవత్సరం నుంచే.