పాఠభేదములు: ఒక యాంగ్లేయ గీతసంకలనము

సమబలములైన రెండు విధులకు విరోధము గలిగినపుడు పరవిధియే ప్రవర్తిల్లునని పాణిని నియమము. మునిత్రయములో సయితము ఉత్తరోత్తరుల మాటకే ప్రామాణ్య మెక్కువ. ఈ సంస్కారముతోఁ బెరిగినవారు గ్రంథపరిష్కరణమునకుఁ బూనుకొన్నపుడు, కర్త తుదిసారి దిద్దిన పాఠమునే గ్రహించుట సహజము. నేనును అట్లే చేయుచుంటిని. ఆ యభ్యాసమును శంకింపఁజేసిన గీతసంకలన మొకటి కలదు. దానిని గుఱించి యిందు విచారింతును.

మాంచెస్టరు నగరమున 1982లో నేర్పడి 1987లో విడిపోయిన 'ది స్మిత్స్' బృందమున మారిసీ గీతకర్త, గాయకుఁడు. జానీ మార్ స్వరకర్త, గిటారువాదకుఁడు. ఆండీ రోర్క్ బేసుగిటారును, మైక్ జాయిస్ డ్రమ్ములను వాయించిరి. రఫ్ ట్రేడ్ అను స్వతంత్రసంస్థ వీరి రికార్డులను వెలువరించినది. బృందము పేరుతోనే తొలి యాల్బము 1984 ఫిబ్రవరిలో వచ్చెను. ఆ యేఁటనే నవంబరులో 'హ్యాట్‌ఫుల్ ఆఫ్ హాలో' అను సంకలనము వచ్చెను. ఇందలి పదునాఱు పాటలలోఁ బది, 1983లో బి.బి.సి. రేడియోలో జాన్ పీల్, డేవిడ్ జెన్సెన్ అనువారి కార్యక్రమములకై పాడినవి. తక్కిన యాఱును విడిరికార్డుల ముందువెనుక ప్రక్కలనుండి గ్రహించినవి.

తొలి యాల్బములోని యైదు పాటలు ఈ సంకలనమున వేఱు పాఠములతోఁ గనఁబడును. ఇదియే మనకు విచార్యము. ఆ యాల్బము సులభముగాఁ బుట్టినది కాదు. ట్రాయ్ టేట్ పర్యవేక్షణమున మొదట రికార్డు చేసినదానిని త్రోసిపుచ్చి, జాన్ పోర్టరు పర్యవేక్షణమున మరలఁ జేసిరి. రేడియో పాఠములన్ననో, ఒక్క దినమున నాలుగేసి పాటలు ముగింపవలసిన తొందరలోఁ బుట్టినవి. పరిష్కృతమైనది యాల్బమే; జీవము గలది సంకలనమే యని నా యభిప్రాయము.

నిదర్శనములు చూపెదను. 'రీల్ అరౌండ్ ది ఫౌంటెన్' అను పాటకు ఆల్బమున పియానో, ఆర్గనులు చేర్చిరి. రేడియో పాఠమున నవి లేవు. పాటలోని సంకోచము కప్పువడక వినఁబడును. 'స్టిల్ ఇల్' అను పాటకు రేడియోలో మౌతార్గను ఆద్యంతముల నున్నది; ఆల్బమున దానిని విడిచిరి. 'బ్యాక్ టు ది ఓల్డ్ హౌస్' అను పాటను విడిరికార్డు వెనుకప్రక్కను బృందమంతయు వాయింపఁగా, ఇందు గిటారును కంఠమును మాత్రమే కలవు. విడిచివచ్చిన యింటిని తలఁచుకొను పాట కంతకంటె నేమి కావలయును?

అట్లని పూర్వపాఠ మెల్లెడల మేలనరాదు. 'వాట్ డిఫరెన్స్ డజ్ ఇట్ మేక్' అను పాటకు ఆల్బములోని గిటారు పదునే తగియున్నది. రేడియో పాఠము వదులుగా నున్నది. ఈ సంకలనముననే యున్న 'హౌ సూన్ ఈజ్ నౌ' స్టూడియోలో పొరలుపొరలుగాఁ గూర్చిన పాట. ఇంచుమించు ఏడు నిమిషములు గిటారునాదము వణఁకుచునే యుండును. ఆ కంపనము పైనగ కాదు; ఒంటరివాని యలజడియే యట్లు ధ్వనించుచున్నది. ఇట్టి పాటను 1984లో మొదట నొక విడిరికార్డు వెనుకప్రక్కను వేసిరి. సంకలనకర్తలు దానిని గ్రహించుట వివేకము. కాని సన్నని రేడియోపాటల నడుమ నది యొక్కతియే గోపురమువలె నిలిచి, ప్రక్కవానిని చిన్నబుచ్చుచున్నది. కూర్పులో నిది లోపమే.

మఱి నిర్ణయమునకు సూత్ర మేది? వ్యాకరణమే చెప్పుచున్నది. పరముకంటె నిత్యమును, నిత్యముకంటె అంతరంగమును, దానికంటె అపవాదమును బలవత్తరములు. నిమిత్తము లోపల నున్నది అంతరంగము. వెలుపలి దాని నపేక్షించునది బహిరంగము. ఆ పియానో బహిరంగము. ఈ కంపన మంతరంగము. ముందుదా, వెనుకటిదా యని కాక, పాటకు లోనిదా, వెలిదా యని యడుగవలయును. పరత్వమును బట్టుకొని వ్రేలాడినవారము శాస్త్రమును సగమే చదివినవారము.

నే నొక శతకమును పరిష్కరించినపుడు, కవి వార్ధకమున దిద్దిన ప్రతిని గ్రహించి, యౌవనమునాఁటి ప్రతిలోని పాఠములను అధస్సూచికలలోనైనను జూపక విడిచితిని. ఆ పాతప్రతి తరువాత చెదలపాలైనది. ఈ బృందమువారు తమ పూర్వపాఠములను తామే, అదే సంవత్సరమున, శ్రోతల ముందుంచిరి. రెండును వినినవారు తమంతఁ దాము తీర్పు చెప్పుకొందురు. ఆ యవకాశమును నా శతకపాఠకులకు నేను లేకుండఁ జేసితిని.