పెంటకు బొబ్బర్ల పరీక్ష

గోదావరిఖనిలో బొగ్గు గనుల కంపెనీ క్వార్టర్ వెనక కాస్త జాగా దొరికితే చాలు, ఓ చిక్కుడు పందిరి, నాలుగు టమాట మొక్కలు, తోటకూర మడి లేస్తాయి. వాటికి పెంట చుట్టుపక్కల బర్రెల కొట్టాల నుంచి వస్తుంది. ఆ బర్రెలు ఏ గడ్డి తిన్నాయో, ఆ గడ్డి మీద ఏ మందు కొట్టారో ట్రాక్టరు తెచ్చి దింపినవాడికీ తెలియదు. నల్లగా, పొడిపొడిగా, వాసన లేకుండా మాగిన పెంటలో కూడా కలుపుమందు మిగిలి ఉండొచ్చు. దాన్ని పట్టుకోవడానికి గుప్పెడు బొబ్బర్లు, కొన్ని కుండీలు చాలు. ఇంత తక్కువ సామానుతో ఇంత పకడ్బందీగా నడిచే పరీక్ష సాగుబడిలో మరొకటి నాకు కనిపించలేదు.

దీని విలువ లోకానికి గట్టిగా తెలిసింది 2008లో. బ్రిటన్‌లో ఇంటి తోటల్లో వేసిన టమాట, చిక్కుడు, ఆలుగడ్డ మొక్కలు ముడుచుకుపోయాయి. పచ్చిక బయళ్లలో కొట్టిన అమినోపైరాలిడ్ అనే కలుపుమందు అందుకు కారణం. ఆ గడ్డి తిన్న పశువు కడుపులో అది విరగదు, పేడతో పాటే బయటికి వస్తుంది. గడ్డి పీచును అంటిపెట్టుకుని, గాలాడని కుప్పలో నెలల తరబడి నిలిచి ఉంటుంది. ఆ జూలైలో అక్కడ దాని అమ్మకం ఆపేశారు. మన పెద్దపల్లి జిల్లాలో వరికి, మక్కకు వాడే మందుల్లో బాగా తెలిసిన పేరు 2,4-డి. అది అంత మొండిది కాదు, నేలలో తొందరగానే విరిగిపోతుంది. అయితే రెండూ మొక్క హార్మోన్లను పోలిన మందులే. 2,4-డి కొట్టిన స్ప్రేయర్‌ను సరిగా కడగకుండా పత్తిలో వాడిన రైతుకు ఆ జాతి మందుల గుర్తు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆకు వెడల్పు పోయి వేళ్లలా సాగుతుంది, ఈనెలు దగ్గరపడతాయి.

పరీక్షకు కుప్ప పైపొర ఒక్కటే తీస్తే లాభం లేదు. పైన, నడుమ, అడుగున అక్కడక్కడా పిడికెడు తీసి కలపాలి. దానికి సమానంగా మంచి మట్టి కలిపి మూడు నాలుగు కుండీలు నింపాలి. పక్కన మరో మూడు నాలుగు కుండీల్లో ఆ మట్టి మాత్రమే పోయాలి. పనితనమంతా పెంట తగలని ఈ రెండో వరుసలోనే ఉంది. రెండు వరుసలకూ ఒకే సంచిలోని బొబ్బరి గింజలు, ఒకే లోతు, ఒకే నీళ్లు, ఒకే ఎండ. గింజ పుచ్చుదైనా, నీళ్లు ఉప్పువైనా, తెల్లదోమ వాలినా రెండు వరుసలూ దెబ్బతింటాయి. టమాటలో ముడత తెగులును చూసి మందు ప్రభావమని పొరబడే అవకాశం ఎక్కువ. పక్కన పోల్చుకోవడానికి పెంట లేని మొక్క ఉంటే ఆ అనుమానం తీరుతుంది.

నాకు మరీ నచ్చేది కుండీ కింద పెట్టే పళ్లెం. ప్రతి కుండీకీ వేరే పళ్లెం ఉండాలి. ఈ మందులు నీళ్లలో కరుగుతాయి కాబట్టి పోసిన నీళ్లు కారిపోతే వాటితో పాటు సాక్ష్యమూ పోతుంది. పక్క కుండీలోకి పాకితే రెండో వరుస చెడుతుంది. పళ్లెంలో దిగిన నీళ్లను మళ్లీ ఆ కుండీయే పీల్చుకోవాలి.

మొలవగానే తీర్పు చెప్పకూడదు. బొబ్బర్లకు మొదట వచ్చే జంట ఆకులు గింజలోపలే తయారై ఉంటాయి, అవి బాగున్నంత మాత్రాన పెంట మంచిదని కాదు. తర్వాత మూడేసి రేకులతో వచ్చే ఆకులను చూడాలి. అలాంటివి మూడు విచ్చుకునేదాకా, అంటే మూడు నాలుగు వారాలు ఆగాలి. చిగురు మెలితిరిగి, ఆకు అంచులు ముడుచుకుని, కాడ వంకరపోతే కలుపుమందు ఉన్నట్టే. గింజ మొలవకపోయినా, ఆకు కొసలు మాడినా అది పచ్చి పెంట వేడో, ఉప్పో కావచ్చు. ఈ తేడా చూడగల కన్ను ఈ పనిలో సగం విద్య.

ఇలాంటి కన్నుతోనే బొగ్గు గనిలో మైనింగ్ సర్దార్, మీథేన్ వాయువును పసిగట్టడానికి, సేఫ్టీ ల్యాంపు ఒత్తి తగ్గించి మంట మీద నీలి టోపీ కోసం చూసేవాడు. గాలిలో మీథేన్ 1.25 శాతం దగ్గర ఉంటే అది కంటికి ఆనేది. బొబ్బరి చిగురు అంతకంటే ఎంతో సున్నితం. అమినోపైరాలిడ్ లాంటి మందు వంద కోట్ల వంతుల్లో కొన్ని వంతులున్నా మెలి తిరుగుతుంది.

అయితే ఈ పరీక్ష అన్నిటికీ చాలదు. 2,600 మెగావాట్ల ఎన్‌టీపీసీ థర్మల్ విద్యుత్ కేంద్రం పక్కన ఉన్న ఊళ్లో బూడిద గురించి, పట్నపు చెత్త కలిసిన కంపోస్టు గురించి అడగాల్సిన ప్రశ్న వేరు. సీసం, కాడ్మియం ఉన్నా మొక్క పచ్చగానే పెరగొచ్చు. పైగా పాలకూర లాంటి ఆకుకూరలు కాడ్మియాన్ని తేలిగ్గా పీల్చుకుంటాయి. అక్కడ ల్యాబే దిక్కు. మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పట్టణ కంపోస్టు కిలోలో కాడ్మియం 5, ఆర్సెనిక్ 10, సీసం 100, పాదరసం 0.15 మిల్లీగ్రాములు మించకూడదు. పచ్చి పేడలోని సూక్ష్మజీవుల సంగతి కూడా బొబ్బర్లు చెప్పలేవు.

పరీక్షలో తప్పిన పెంటను లోతుగా పూడ్చితే మందు మరింత కాలం నిలుస్తుంది. పచ్చగడ్డి ఉన్న జాగాలో పలచగా పరిచి, నేలలో కలిపి, పలుమార్లు తిరగేస్తే మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొడతాయి. ఆ జాగాలో చిక్కుడో టమాటో పెట్టాలనుకుంటే ముందు అక్కడి మట్టితో ఇదే పరీక్ష, రెండో వరుసతో సహా, మళ్లీ చేయాలి.