సీఆర్పీ, డీ-డైమర్: జోస్యం ఒకటి, దారి ఒకటి

కరోనా రెండో వేవ్‌లో హైదరాబాద్ సోమాజిగూడ నుంచి పంజగుట్ట నిమ్స్ దాకా ఏ ఆస్పత్రి ముందు చూసినా అటెండెంట్ల మాటల్లో నలిగిన పేర్లు రెండు: సీఆర్పీ, డీ-డైమర్. 2021 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఆస్పత్రుల్లో మొదటి పరీక్షకు 500, రెండోదానికి 300 రూపాయలకు మించి తీసుకోకూడదని ఆదేశించింది. ధరల సంగతి అలా ఉంచి, రోగికి ఏది ఎక్కువ పనికొచ్చిందో చూడాలి.

సీఆర్పీ కాలేయం తయారుచేసే ప్రోటీన్. ఇన్ఫెక్షన్ మీద శరీరం ఎంత తీవ్రంగా తిరగబడుతోందో చెబుతుంది. డీ-డైమర్ రక్తపు గడ్డలు కరిగేటప్పుడు మిగిలే తునక.

జోస్యంలో డీ-డైమర్ గట్టిది. వుహాన్‌లో 191 మంది రోగులను పరిశీలించినప్పుడు, చేరిననాడే అది మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము దాటినవారికి ప్రాణాపాయం చాలా ఎక్కువని 2020లోనే తేలింది. అయితే దాన్ని చూసి వైద్యం మార్చడం కుదిరిందా? 2021లో వెలువడిన పెద్ద క్లినికల్ పరీక్షల్లో, రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ పూర్తి మోతాదు ఐసీయూ రోగులకు మేలు చేయలేదు. అంత విషమించని రోగులకు మేలు చేసింది, అదీ డీ-డైమర్ ఎంతున్నా సరే.

సీఆర్పీ కథ వేరు. బ్రిటన్ ‘రికవరీ’ క్లినికల్ పరీక్షలో ఆక్సిజన్ తగ్గి, సీఆర్పీ లీటరుకు 75 మిల్లీగ్రాములు, ఆపైన ఉన్నవారినే, శరీరపు ఆ తిరుగుబాటును అణిచే టోసిలిజుమాబ్ అనే మందుకు ఎంచుకున్నారు. ఆ మందు అందినవారిలో 31 శాతం, అందనివారిలో 35 శాతం చనిపోయారు. ఇక్కడ అంకె వైద్యానికి దారి చూపింది.

అలాగని సీఆర్పీని గుడ్డిగా నమ్మలేం. బ్యాక్టీరియా సోకినా అది పెరుగుతుంది. టోసిలిజుమాబ్ ఇచ్చాక, ఊపిరితిత్తులు కోలుకోకపోయినా పడిపోతుంది. ఎందుకంటే సీఆర్పీ తయారవ్వమని కాలేయానికి అందే సంకేతాన్నే ఆ మందు ఆపేస్తుంది. డీ-డైమర్ కూడా వయసుతో, గర్భంతో, ఆపరేషన్‌తో పెరిగేదే. కరోనా రోగుల ప్రాణాపాయాన్ని అంచనా వేయడానికి బ్రిటన్ వైద్యులు రూపొందించిన 4సీ స్కోరులో ఎనిమిది అంశాలుంటే, సీఆర్పీ వాటిలో ఒకటి మాత్రమే. డీ-డైమర్‌కు చోటే లేదు. మిగతా అంశాల్లో వయసు, ఊపిరి వేగం, ఆక్సిజన్, స్పృహ వంటివి మంచం పక్కనే తెలిసిపోతాయి.

నా తీర్పు సీఆర్పీ వైపే. భయపెట్టే అంకె కన్నా మందు ఎవరికివ్వాలో చెప్పే అంకె గొప్పది. రేపు ఫ్లూతోనో డెంగీతోనో మనవాళ్లు ఐసీయూలో ఉంటే, రిపోర్టులో ఎంత వచ్చిందని అడిగి ఊరుకోకండి. దాన్నిబట్టి వైద్యంలో ఏం మారుస్తున్నారో డాక్టరుగారిని తప్పక అడగండి.