పాలంపేట కవర్ పాటలు

పాత పాటను కొత్త బ్యాండు పాడిందనగానే మనలో చాలామంది పెదవి విరుస్తారు. "ఎంతైనా ఒరిజినల్ ఒరిజినలే" అని, పాట పూర్తిగా వినకముందే తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పుతో నాకు పేచీ. కవర్ పాట కట్టడం విడిగా ఒక పనితనం. కొన్నిసార్లు సొంత పాట కట్టడం కంటే కష్టం కూడా, ఎందుకంటే వినేవాళ్ల చెవిలో మొదటి పాట అప్పటికే మోగుతూ ఉంటుంది. ఈ పనితనాన్ని చెవితో పట్టుకోవడం నాకు పాప్-పంక్ బ్యాండ్లు నేర్పాయి, కంటితో పట్టుకోవడం పాలంపేటలోని రామప్ప గుడి నేర్పింది. గిటార్ల హోరుకూ కాకతీయుల శిల్పానికీ సంబంధమేమిటని అడగవచ్చు. పనివాడి ముందు నిలిచే ప్రశ్న రెండుచోట్లా ఒకటే: ముందటివాళ్లు చేసిపెట్టినదాంట్లో ఏది ఉంచుకోవాలి, ఏది వదిలెయ్యాలి?

ముందు గిటారు సంగతి. 1974లో న్యూయార్క్‌లో పుట్టిన రామోన్స్ దగ్గర్నుంచి 1990లలో ప్రపంచమంతా మోగిన గ్రీన్ డే, బ్లింక్-182 దాకా ఈ బ్యాండ్ల బలం పవర్ కార్డ్‌లో ఉంది. మన లెక్కలో చెప్పుకుంటే అది షడ్జమం, పంచమం, అంతే. మధ్యలో గాంధారం ఉండదు. పాశ్చాత్య సంగీతంలో కార్డ్ మేజరా మైనరా, వెలుగా దిగులా అన్నది తేల్చేది ఆ గాంధారమే. డిస్టార్షన్ పెట్టిన గిటారు మీద నిండు కార్డ్ వాయిస్తే స్వరాలు ఒకదానితో ఒకటి గుద్దుకుని మోత ముద్దయిపోతుంది. స-ప జంట మాత్రం ఎంత రొదలోనైనా స్పష్టంగా నిలబడుతుంది. అలా అవసరం కొద్దీ గాంధారం పోయింది. అది పోయాక గిటారు ఏ పక్షానా లేదు, భావం బరువంతా పాడే గొంతు మీద పడింది. మన తంబురా చేసే పనీ అదే కదా! స, ప మీటుతూ రాగాన్ని గాయకుడికి వదిలేస్తుంది. ఏ పాట తెచ్చి ఈ బ్యాండ్ల చేతిలో పెట్టినా ఇమిడిపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం. న్యూ ఫౌండ్ గ్లోరీ 2000లో అచ్చంగా సినిమా పాటలతోనే ఒక చిన్న ఆల్బమ్ చేసింది. టైటానిక్ కోసం సెలీన్ డియాన్ నింపాదిగా సాగదీసి పాడిన పాట కూడా అందులో ఉంది, పరుగు మీద.

పరుగు పెంచితే కవర్ అయిపోతుందనుకుంటే పప్పులో కాలేసినట్టే. మీ ఫస్ట్ అండ్ ద గిమ్మీ గిమ్మీస్ అని, కవర్ల కోసమే పుట్టిన బ్యాండు ఒకటుంది. వాళ్ల హుషారు నాకిష్టం. కానీ వరసగా పాటలు వింటూ పోతే అందరికీ ఒకే కొలత చొక్కా కుట్టినట్టుంటుంది. నేను దణ్ణం పెట్టేది ది అటారిస్‌కి. డాన్ హెన్లీ 1984లో పాడిన ‘ద బాయ్స్ ఆఫ్ సమ్మర్’ను వాళ్లు 2003లో పాడారు. వేసవి అయిపోయింది, ప్రేమ చేజారింది, వయసు మళ్లుతోంది. పాట సారాంశం ఇంతే. హెన్లీ పాటలో ఖరీదైన కెడిలాక్ కారు మీద గ్రేట్‌ఫుల్ డెడ్ అభిమానుల స్టిక్కరు కనిపిస్తుంది. 1960లలో వ్యవస్థను కాదన్న హిప్పీలు ఇప్పుడు ఆ కారెక్కి తిరుగుతున్నారన్నమాట. అటారిస్ వరస మార్చలేదు, కథా మార్చలేదు. స్టిక్కరు మార్చారు. గ్రేట్‌ఫుల్ డెడ్ చోట బ్లాక్ ఫ్లాగ్ అనే కాలిఫోర్నియా పంక్ బ్యాండు పేరు పెట్టారు. ఆ ఒక్క కోతతో పాట ఒక తరం ముందుకు జరిగింది. రాజీపడి కారెక్కింది ఇప్పుడు హిప్పీ కాదు, పంక్ కుర్రాడు. అంటే పాడుతున్నవాళ్లు తమ వాళ్ల మీదే పాడుకుంటున్నారు. ఎక్కడ కొయ్యాలో తెలిసిన చెయ్యి అది.

మన దగ్గరా ఆ చెయ్యి ఉంది. వరంగల్ వీధుల్లో బరాత్ ముందు నడిచే బ్యాండు మేళాన్ని ఎవరూ కవర్ బ్యాండు అనరు గానీ వాళ్లు చేసేది అదే. పాడే గొంతు లేదు, మాటలు లేవు. క్లారినెట్టో ట్రంపెట్టో పల్లవి ఎత్తుకోగానే పెళ్లివాళ్లకు పాట తెలిసిపోవాలి, కింద తీన్మార్ దెబ్బ పడాలి. సినిమాలో ఆ పాట ఏ నడకలో సాగిందన్నది అక్కడ అనవసరం. వరస నిలుస్తుంది, నడక మారుతుంది. సినిమావాళ్ల రీమిక్సుల్లో నాకు బాగా నచ్చింది ‘వెల్లువొచ్చి గోదారమ్మ’. 1982లో ‘దేవత’ కోసం చక్రవర్తి కట్టిన ఆ పాటను 2019లో ‘గద్దలకొండ గణేష్’లోకి తెచ్చినప్పుడు మిక్కీ జె. మేయర్ వాయిద్యాలకు కొత్త మెరుగు పెట్టారు గానీ గొంతులు బాలు, సుశీలవే. పాటకు ప్రాణం ఆ రెండు గొంతుల సరసంలో ఉందని గుర్తించడమే అక్కడి తెలివి. మిగతా రీమిక్సులు చాలావాటిలో దెబ్బ లావెక్కింది తప్ప ఆలోచన చేరలేదు.

ఇక పాలంపేట. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ గుడి కట్టించాడు. లోపలి దేవుడు రామలింగేశ్వరుడు. రామప్ప అన్నది శిల్పి పేరని జనం చెప్పుకునే మాట. 2021లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నీళ్లలో తేలే ఇటుకల గురించి, ఇసుక పునాది గురించి ఇప్పటికే ఎందరో రాశారు కనుక నేను వాటి జోలికి పోను. నా చూపు ఆగేది గుడి వాకిళ్ల దగ్గర, చూరు కింద ఏటవాలుగా నిలబడిన పన్నెండుమంది మదనికల మీద.

చూరు కింద ఆడబొమ్మను నిలబెట్టడం పాలంపేట శిల్పి సొంత ఊహ కాదు. కాకతీయులు ఒకప్పుడు ఎవరికి సామంతులుగా ఉన్నారో ఆ కల్యాణి చాళుక్యుల గుళ్లలోనే ఆ పద్ధతి ఉంది. 1117 నాటి బేలూరు చెన్నకేశవాలయంలో హొయసల శిల్పులు దాన్ని శిఖరానికెక్కించారు. అంటే మనవాడి ముందు అప్పటికే జనం మెచ్చిన పాట ఉంది. దాన్ని అతను ఎలా పాడాడో చూడండి. బేలూరు రాయి సబ్బురాయి జాతిది. గనిలోంచి తీసిన కొత్తలో మెత్తగా ఉండి ఉలికి లొంగుతుంది. అందుకే అక్కడి మదనిక తల మీద దట్టమైన లతల పందిరి, ఒంటినిండా నగలు, పొట్టిగా నిండుగా ఉన్న ఒళ్లు. పాలంపేటలో చేతికొచ్చింది డోలరైట్ జాతి నల్లరాయి. చాలా గట్టిది. దాంట్లో బేలూరు పందిరినే మళ్లీ చెక్కాలని కూచుంటే మూలానికి చౌక నకలు వచ్చేది. శిల్పి పందిరిని తీసేశాడు. ఒంటిని సాగదీశాడు. నడుం దగ్గర విరిగి, తొడ మీదుగా మడమ దాకా గీత ఎక్కడా తడబడకుండా దిగుతుంది. గట్టిరాయిని సానపెడితే మెరుపు వస్తుంది, వచ్చిన మెరుపు నిలుస్తుంది. ఆ గుణాన్ని వాడుకుని నున్నటి చర్మాన్ని విశాలంగా వదిలేసి, నగల దగ్గర మాత్రం ఉలిని సన్నం చేశాడు. ఒంటికి పాము చుట్టుకున్న నాగినిని చూస్తే పాము మెలికే నగ పని కూడా చేసిపెడుతున్నట్టుంటుంది. ఎనిమిది వందల ఏళ్ల ఎండావానల తర్వాత కూడా ఆ మెరుపు ఉంది.

డిస్టార్షన్ గిటారు గాంధారాన్ని వదిలేసిన కారణానికే నల్లరాయి లతల పందిరిని వదిలేసింది. పరికరం మారినప్పుడు పాట కూడా మారాలి. అది ఒప్పుకోని కవర్లే మనకు విసుగు పుట్టించేవి. బేలూరు గొప్పదా, పాలంపేట గొప్పదా అని వాదనకు దిగేవాళ్లున్నారు. బేలూరు లేకపోతే పాలంపేటలో ఆ సాహసం ఇంతగా కనిపించదు. తీసేసినది ఏమిటో తెలిసినప్పుడే మిగిల్చినదాని విలువ తెలుస్తుంది.

లోపల ఇంకో చిన్న పని ఉంది. చాలామంది దాన్ని వింతగా చూసి నవ్వుకుని వెళ్లిపోతారు. పక్కపక్కనే ముగ్గురు నాట్యగత్తెలు, ముగ్గురికీ కలిపి కాళ్లు నాలుగే. మధ్యనున్న ఆమె కాళ్లు రెండూ అటు ఒకరికి, ఇటు ఒకరికి కూడా చెల్లుతాయి. మిగతా బొమ్మల్ని అరచేత్తో మూసి ఒక్కొక్కరినే చూస్తే ఎవరి నిలువు వాళ్లకు పూర్తిగా కుదురుతుంది. ఎవరూ కుంటిగా కనపడరు. ఇది కేవలం గారడీ అని నేననుకోను. ఒక్క కాలు ఇద్దరి బరువు మొయ్యాలంటే ఆ వంపు ఇద్దరి నాట్యానికీ ఒకేసారి న్యాయం చెయ్యాలి, రెండు ఒళ్ల తూకమూ అందులో కుదరాలి. ముగ్గురే ఉండే బ్యాండ్లలో బేస్ గిటారు వాయించేవాడి పని అచ్చంగా ఇదే. అతని ఒక్క స్వరం డ్రమ్ముకు దెబ్బగానూ ఉండాలి, గిటారుకు శ్రుతిగానూ ఉండాలి. బ్లింక్-182 పాటల్లో బేస్‌ను విడిగా పట్టుకుని విన్నవాళ్లకు నేను చెప్పేది సులువుగా అర్థమవుతుంది.

అన్నిటికన్నా పెద్ద కవర్ సంగతి ఇంకా చెప్పలేదు. ఈ గుడి స్తంభాల మీద, గర్భగుడి ముందరి ద్వారబంధాల మీద నాట్యగత్తెలున్నారు. వాళ్ల పక్కనే మద్దెలవాళ్లున్నారు. ఇవాళ్టి వేదిక మీద డ్రమ్ములవాణ్ని వెనక్కి నెట్టి కూచోబెడతాం. ఇక్కడ మద్దెలవాడు వెనకెక్కడో లేడు. నాట్యగత్తె వరసలోనే నిలబడి, మోకాళ్లు వంచి, తనూ ఆడుతూనే వాయిస్తున్నాడు. తాళం వేసేవాడు కూడా నాట్యంలో భాగమేనని ఇంత స్పష్టంగా చెప్పిన బొమ్మలు నాకు ఎప్పుడు చూసినా ఆశ్చర్యమే. ఆ మేళం ఏ జతి వాయించిందో మనకు వినిపించదు. పాట పోయింది, పాడేవాళ్ల భంగిమ మిగిలింది.

గుడి కట్టిన నలభై ఏళ్లకు, 1253-54 ప్రాంతంలో, గణపతిదేవుడి గజసాహిణి జాయప సేనాని సంస్కృతంలో ‘నృత్తరత్నావళి’ రాశాడు. ఏనుగుల దళాన్ని నడిపిన మనిషి పాదం ఎలా ఎత్తాలో, ఎలా దించాలో రాయడం మనం గర్వపడాల్సిన విషయం. ఎనిమిది అధ్యాయాల్లో మొదటి నాలుగూ మార్గ నృత్తానికి ఇచ్చి, తర్వాతి నాలుగింటినీ దేశికి, అంటే ఊళ్లలో జనం ఆడేవాటికి ఇచ్చాడు. పేరణి, కోలాటం, చిందు అక్కడ కనిపిస్తాయి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు ఆ పుస్తకాన్ని తెలుగు చేశారు.

నాట్యాచార్యులు డాక్టర్ నటరాజ రామకృష్ణ (1923-2011) ఈ రాతినీ ఆ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకుని ఆ పేరణిని పేరిణి శివతాండవంగా మళ్లీ కట్టారు. ఈ పని ఎంత కష్టమో ఊహించండి. బొమ్మ ఒక క్షణాన్ని మాత్రమే చూపిస్తుంది. ఎత్తిన పాదం అంతకుముందు ఎక్కడుందో, తర్వాత ఎక్కడ పడుతుందో రాయి చెప్పదు. పుస్తకం కదలికను వర్ణిస్తుంది గానీ ఒంటికి అందివ్వదు. రెంటికీ మధ్యనున్న ఖాళీని ఆయన తన ఒంటితో, శిష్యుల ఒంటితో పూరించారు. పేరణికి శాస్త్రాలు ఐదు అంగాలు చెప్పాయి: ఘర్ఘరం, విషమం, భావాశ్రయం, కవిచారం, గీతం. ఘర్ఘరం గజ్జెల పని. కాలి కదలికతోనే గజ్జెల మోతను హెచ్చించాలి, తగ్గించాలి, ఆపాలి. విషమంలో ఎగరడాలు, దూకడాలు. భావాశ్రయం నవ్వు పుట్టించే అనుకరణ. కవిచారం నాయకుడి పొగడ్త. ఇవాళ వేదిక మీద మనకు ఎక్కువగా కనిపించేది వీరావేశం. భావాశ్రయంలోని నవ్వు వెనక్కి తగ్గింది, అది నాకు లోటుగానే ఉంటుంది. ఇంకో మాట. పాలంపేట రాతి మీద ఆడుతున్నవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. మళ్లీ కట్టిన పేరిణి శివతాండవం మగవాళ్ల నాట్యంగా పేరు తెచ్చుకుంది. ఇప్పుడు పేరిణి లాస్యం పేరుతో అమ్మాయిలు ఆడుతున్నారు. అది చూసినప్పుడు రాతికి ఇంకాస్త దగ్గరగా వచ్చామనిపిస్తుంది.

ఇది నిజంగా కాకతీయులనాటి పేరణేనా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఇది: మూలం అని చెప్పుకుంటే తప్పు, కవర్ అని చెప్పుకుంటే గౌరవం. రికార్డు లేని పాటకు, రాతి మీది భంగిమనీ పుస్తకంలోని వర్ణననీ ఆధారం చేసుకుని కట్టిన కవర్ ఇది. ఏది ఉంచాలో ఆయనకు తెలుసు: వంగిన మోకాలు, నేల మీద పడే పాదం బరువు, పక్కనే మద్దెల. ఏది తను కల్పించాలో కూడా తెలుసు. కాకతీయుల మేళం ఆగిపోయి ఏడు శతాబ్దాలు దాటాక, ఇవాళ తెలంగాణలో పిల్లలు పేరిణి నేర్చుకుంటున్నారంటే ఆ కవర్ నిలబడినట్టే.

పాలంపేట ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది, హైదరాబాద్ నుంచి దాదాపు 200 కిలోమీటర్లు. వెళ్లినప్పుడు మదనికల దగ్గర ఫొటో దిగి వచ్చేయకండి. లోపలికి వెళ్లి ద్వారబంధం మీది మద్దెలవాళ్లను ఒక్కొక్కరినీ చూడండి. వీలైతే అంతకుముందే ఒకసారి పేరిణి చూసి వెళ్లండి, ఆ మోకాళ్ల వంపు ఏమిటో వెంటనే తెలుస్తుంది. గర్భగుడి వాకిలి దగ్గరి వేణుగోపాలుడి శిల్పాన్ని తడితే స్వరాలు పలుకుతాయని అక్కడివాళ్లు చెబుతారు. దయచేసి తట్టకండి. వేలి తాకిడికి రాయి అరుగుతుంది, దాన్ని మళ్లీ చెక్కే శిల్పి మన దగ్గర లేడు.