కానుకయు లెక్కయు

అమెరికా దేశపు కతోలిక మేత్రాసనములలో ఏటేట ఒక ఆదివారము వచ్చును. చాలచోట్ల అది తపస్సుకాలములో గాని వసంతములో గాని పడును. ఆనాడు పీఠాధిపతిగారి విజ్ఞప్తి ప్రతి విచారణలోను చదువబడును, లేదా ఆయన స్వరమే యంత్రముద్వారా వినిపింపబడును. (మనము సంఘమనుదానిని వారు విచారణ యందురు.) ప్రసంగమైన పిమ్మట కార్డులును పెన్సిళ్లును బల్లల వెంబడి సాగును. పేరు, విలాసము, ఇయ్యదలచిన మొత్తము, ఎన్ని వాయిదాలలో చెల్లింతురో, ఇవన్నియు చాల గుళ్లలో పూజ మధ్యనే వ్రాయింతురు. ఆ సొమ్ము గురువిద్యార్థుల చదువునకు, వృద్ధ గురువుల పోషణకు, బీదల సహాయమునకు, పాఠశాలలకు, మేత్రాసన కార్యాలయపు ఖర్చులకు పోవును.

ఇవన్నియు మంచి పనులే. ఆంధ్రదేశమునుండి వెళ్లి అక్కడి విచారణలలో సేవచేయు గురువులును ఆ కార్డులు పంచుచున్నారు. వేసవిలో మిషను విజ్ఞప్తి యను వేరొక ఆదివారమున ఇండియా మేత్రాసనముల గురువులు వెళ్లి మన పల్లెల అవసరతలను అక్కడి ప్రసంగపీఠములనుండి చెప్పుదురు. కాబట్టి ఇది పూర్తిగా పరాయి సంగతి కాదు.

నా విమర్శ మొదట ఒక్క మాటమీద. ప్రతి విచారణకు ఇంత రావలెనని పైనుండి ఒక లక్ష్యము నిర్ణయింపబడును. మించి వచ్చినది పలుచోట్ల విచారణకే తిరిగి ఇయ్యబడును. తగ్గినచో, కొన్ని మేత్రాసనములలో ఆ లోటును విచారణ తన పెట్టెలోనుండి పూడ్చవలెను. పూడ్చి తీరవలసినదానిని కానుక అనవచ్చునా? 1983 నాటి కతోలిక ధర్మశాస్త్రపు 1263వ సూత్రము, ఆలోచన సభల మాట విని విచారణలమీద మితమైన పన్ను వేయుటకు పీఠాధిపతికి అధికారమిచ్చుచున్నది. పన్నును పన్ను అనుటలో దోషము లేదు. పన్ను వసూలుచేయుచు దానికి ప్రేమ యను పేరు పెట్టినయెడల, తక్కువ ఇచ్చిన బీదవాడు తన ప్రేమయే తక్కువైనదని క్రుంగిపోవును. అది నాకు సహింపరానిది.

ఈ విజ్ఞప్తులకు పౌలును సాక్షిగా పిలుచుట వాడుక. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక ఎనిమిది తొమ్మిది అధ్యాయములు చందా ప్రసంగములకు పెట్టని కోట. అయితే ఆ అధ్యాయములలో సగమే చదువుదురు. మాసిదోనియవారు తమ లేమిలో ఇచ్చిరనుమాట చదువుదురు. సంతోషముగా ఇచ్చువానినిగూర్చిన మాట చదువుదురు. ఇది ఆజ్ఞగా చెప్పుటలేదని పౌలు స్పష్టముగా వ్రాసిన వాక్యముకడ తొందరపడుదురు. ఆ సొమ్మును తానొక్కడే మోయక, సంఘములు ఏర్పరచిన సహోదరుని తీతుతోకూడ పంపినాడు. దేవుడెరుగును గదా యని ఊరకుండక, మనుష్యుల యెదుటను నింద లేకుండ జాగ్రత్తపడినాడు. అపొస్తలుడే తన్ను నమ్ముమని అడుగక సాక్షులను వెంటబెట్టుకొనగా, మనకు ఆ అవసరము లేదా?

బోస్టను అగ్రపీఠపు చరిత్ర చూడుడి. గురువులు పసిపిల్లలను చెరుపుటయు, అది ఎరిగియు పైవారు వారిని ఒక విచారణనుండి మరియొక విచారణకు మార్చుటయు 2002 జనవరి మొదలు అక్కడి వార్తాపత్రిక బయలుపరచెను. ఆ యేట కార్డినలుగారి పేరిట జరుగు వార్షిక విజ్ఞప్తికి సొమ్ము ఎంతో పడిపోయెను. వెల్లెస్లీ పట్టణములో ఒక విచారణ నేలగదిలో కూడిన సామాన్య విశ్వాసులు బీదలకు చేరవలసినది ఆగిపోకూడదని వేరుగా ఒక నిధి కూర్చిరి. కార్డినలు లా గారు దానిని నిరాకరించిరి. పీఠాధిపతి అధికారమును దాటి వచ్చిన సొమ్మనుట ఆయన అభ్యంతరము. ఆకలిగొన్నవాని కంచములోనికి పోవలసిన అన్నము ఎవరి చేతిగుండ రావలెనో యని వాదన! ఆ డిసెంబరులోనే ఆయన రాజీనామా యిచ్చిరి. తరువాత వచ్చిన ఓమాలీగారు 2003లో బాధితులకు ఎనిమిదిన్నర కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనిరి. 2004లో ఆర్చిబిషప్పుల భవనమునే అమ్మివేసిరి. 2006లో అగ్రపీఠపు లెక్కలు విపులముగా అచ్చువేయించిరి. ఈ చివరి పనినిగూర్చి ఆయనను మెచ్చుకొనుచున్నాను. అయితే అది నాలుగేండ్ల కన్నీటి తరువాత వచ్చినది.

2004లోనే అరవైకి పైగా విచారణలను మూయనున్నట్లు ప్రకటించిరి. సిట్యుయేటు అను సముద్రతీరపు ఊరిలో విశ్వాసులు తమ గుడిని విడువక రాత్రింబగళ్లు వంతులవారీగా కాపుండిరి. 2016 మే వరకు, పదునొకండు సంవత్సరములకు పైగా కాచిరి. తమ కష్టార్జితముతో కట్టిన గుడి తమది యని వారి వాదము. మసాచుసెట్సు రాష్ట్రపు 1897 నాటి చట్టముచొప్పున ఆస్తియంతయు ఆర్చిబిషప్పుగారి పదవికే చెందును. న్యాయస్థానములలో వారు ఓడిపోయిరి. కార్డుమీద పేరు వ్రాయించుకొనునప్పుడు ఈ చట్టపు సంగతి ఎవరైన వారికి చెప్పిరా యని నాకు సందేహము.

ఒక ప్రయోజనమునకని విశ్వాసులిచ్చినదానిని ఆ ప్రయోజనమునకే వాడవలెనని 1267వ సూత్రమును, ఇచ్చినవారికి లెక్క చెప్పవలెనని 1287వ సూత్రమును ఆ ధర్మశాస్త్రములోనే చెప్పుచున్నవి. కావలసిన మందు వారి ఇంటనే యున్నది.

ప్రియ చదువరులారా, మన యింటి సంగతియు చెప్పుదును. మన కోతపండుగలో ఒక కోడిపుంజును వేలములో నలుగురు పాడి దాని వెలకు పదింతలు చేయుదుము. ఎక్కువ పాడినవాని పేరు బిగ్గరగా చదువుదుము. అక్కడ ఒక మూలను కూర్చున్న బీదరాలికి ఎట్లుండునో ఆలోచింపము. నేను సేవచేసిన ఒక సంఘములో స్త్రీలు వంటకు ముందు పిడికెడు బియ్యము తీసి దాచి ఆదివారము తెచ్చెడివారు. సంవత్సరాంతపు కూటములో ఒక వృద్ధురాలు లేచి, "అయ్యగారూ, మా బియ్యము అమ్మిన డబ్బు ఏమైనదండీ?" అని అడిగినది. నాకు కోపము వచ్చినది. దేవునికిచ్చినదానికి లెక్క అడుగుదువా అని గద్దించితిని. ఆమె మారుమాటాడక కూర్చున్నది. ఇంటికి వచ్చినను మనస్సు నెమ్మది పడలేదు. మరునాడు కోశాధికారిని పిలిచి పుస్తకము తెప్పించితిని. బియ్యపు పద్దుక్రింద మూడు సంవత్సరముల పుటలు తెల్లగానే యుండెను.