‘స్థాయి’ అనే మాట: లైసిన్ ఎసైలేషన్ కొలతను తెలుగులో చెప్పడంలో ఒక చిక్కు

వ్యాస సంగ్రహం:
ప్రొటీన్లలోని లైసిన్ మీద జరిగే ఎసైలేషన్‌ను మాస్ స్పెక్ట్రోమెట్రీతో కొలిచినప్పుడు వచ్చే ఫలితాలను తెలుగులో చెప్పడానికి ‘స్థాయి’ అన్న ఒక్క మాటనే వాడుతున్నాం. ఆ మాట కింద మూడు వేర్వేరు కొలతలు కలిసిపోతున్నాయని, వాక్యం సాఫీగా ఉన్నా అర్థం తప్పుతున్నదని ఈ వ్యాసం వాదిస్తుంది. ఈ సందర్భంలో ‘వంతు’ అన్న మాట వాడుకను, యల్లాప్రగడ సుబ్బారావు ఫాస్ఫరస్ కొలతను, వరంగల్ కొత్తవాడ అద్దకం పనిని పరిశీలిస్తుంది.

కీలక పదాలు: లైసిన్, ఎసైలేషన్, మాస్ స్పెక్ట్రోమెట్రీ, స్థాయి, వంతు, శాస్త్ర పరిభాష, యల్లాప్రగడ సుబ్బారావు, కొత్తవాడ.

1. ఉపోద్ఘాతం

జీవరసాయనశాస్త్రం బోధించే ఒక సహోద్యోగిని తాను తెలుగులో రాసిన వ్యాసాన్ని భాష సరిచూడమని నాకు ఇచ్చారు. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: “నాలుగు రెట్లు పెరిగిన చోట్ల కూడా, ఎసిటైల్ చేరిన అణువుల వంతు పదివేలలో పదికి మించలేదు.” వాక్యం ముతకగా ఉందనిపించి, “నాలుగు రెట్లు పెరిగినప్పటికీ ఎసైలేషన్ స్థాయి తక్కువగానే ఉంది” అని మార్చాను. వ్యాసం తిరిగి వచ్చినప్పుడు నా సవరణ పక్కన ఎర్ర సిరాతో రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఏ స్థాయి? ఎసిటైల్ ఎసైల్ ఎందుకైంది?

తెలుగులో పరిశోధన చేసి, భాషను దిద్దడమే వృత్తిగా ఉన్నవాడు శాస్త్ర వ్యాసంలో రెండు తప్పులు పెట్టాడు. రెండూ భాష మెరుగుపడిందన్న నమ్మకంతో పెట్టినవే. శాస్త్ర రచనలో పరిభాష గురించి మనం జరిపే చర్చ ఎక్కువగా నామవాచకాల చుట్టూ తిరుగుతుంది. ప్రొటీన్ అనాలా, మాంసకృత్తు అనాలా అన్న వాదం ఇప్పటికీ తెగలేదు. నిజానికి ఆ రెండింటిలో ఏది రాసినా పాఠకుడు మోసపోడు. అతడు మోసపోయేది ‘స్థాయి’, ‘మోతాదు’, ‘ప్రమాణం’ వంటి కొలత మాటల దగ్గర. అవి పరిభాషలా కనిపించవు కాబట్టి ఎవరూ వాటిని ప్రశ్నించరు.

2. కొలతలో జరిగేదేమిటి

లైసిన్ ఒక అమైనో ఆమ్లం. దాని పక్కగొలుసు చివర ధనావేశం గల అమైన్ ఉంటుంది. అక్కడ ఎసిటైల్, ప్రొపియొనైల్, బ్యుటిరైల్, క్రోటొనైల్, మలొనైల్, సక్సినైల్ వంటి సమూహాలలో ఏదో ఒకటి వచ్చి చేరితే ఆ ధనావేశం పోతుంది. ఈ సమూహాలన్నిటికీ ఇంటిపేరు ఎసైల్. ఎసిటైల్ ఆ ఇంటి సభ్యులలో ఒకటి. తెలుగు లిపిలో రెండు మాటలూ ఒకదాని నీడలా ఒకటి కనిపిస్తాయి కనుక అచ్చుతప్పుగా భావించి ‘సరిచేయడం’ సులభం. నేను చేసినది అదే.

హిస్టోన్ ప్రొటీన్ల ఎసిటైలేషన్‌కు, ఆర్.ఎన్.ఏ. తయారీకి సంబంధం ఉండవచ్చునని ఆల్‌ఫ్రీ, ఫాక్నర్, మిర్‌స్కీ 1964లో సూచించారు. అప్పుడు చర్చ కొద్ది ప్రొటీన్లకే పరిమితం. 2009లో చౌదరి, ఆయన సహ పరిశోధకులు మాస్ స్పెక్ట్రోమెట్రీతో 1,750 ప్రొటీన్లలో 3,600 ఎసిటైలేషన్ చోట్లను గుర్తించి ప్రకటించారు. ఈ సంఖ్యలు చెప్పేది ‘ఎన్ని చోట్ల’ అన్న సంగతి. ఒక్కొక్క చోట ఎంత అన్నది ఇవి చెప్పవు.

యంత్రం తూచేది ద్రవ్యరాశిని. ఎసిటైల్ చేరితే లైసిన్ బరువు 42.011 డాల్టన్లు పెరుగుతుంది. మూడు మిథైల్ సమూహాలు చేరితే పెరిగేది 42.047. తేడా 0.036 మాత్రమే. ముతక యంత్రానికి ఇవి రెండూ ఒకటే. సున్నితమైన యంత్రం వీటిని వేరుచేస్తుంది. తెలుగులో ఈ యంత్రం గీసే పటాన్ని ద్రవ్యరాశి వర్ణపటం అంటున్నాం. అందులో వర్ణమేమీ లేదు, అయినా ఆ మాట ఎవరినీ తప్పుదారి పట్టించినట్టు లేదు. చిక్కు వేరే చోట ఉంది.

ప్రొటీన్‌ను యంత్రంలోకి పంపే ముందు ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో ముక్కలు చేస్తారు. ట్రిప్సిన్ లైసిన్, ఆర్జినిన్‌ల తరువాత కోస్తుంది. ఎసైల్ చేరిన లైసిన్ దగ్గర మాత్రం కోయదు. అందువల్ల సమూహం చేరిన అణువు నుంచి ఒక పొడవు ముక్క, చేరని అణువు నుంచి మరో పొడవు ముక్క వస్తాయి. యంత్రంలో ఈ రెండింటి సంకేతాల బలం ఒకే తీరుగా ఉండదు కనుక వాటిని పక్కపక్కన పెట్టి నిష్పత్తి తీయడం కుదరదు. పైగా ఎసిటైల్ చేరిన ముక్కలు చాలా తక్కువ కాబట్టి యాంటీబాడీతో వాటిని ముందే ఏరి పెట్టుకుంటారు. ఏరిన తరువాత మిగిలేవి సమూహం చేరినవే. చేరనివి ఎన్ని ఉండేవో ఆ గిన్నెలో ఇక తెలియదు. రెండు నమూనాలను పోల్చి ‘దీనిలో దానికంటే నాలుగు రెట్లు’ అని చెప్పగలం గాని, వందలో ఎన్ని అని చెప్పలేం.

వందలో ఎన్ని అన్నది తెలియాలంటే ఇంకో ఉపాయం కావాలి. డ్యుటీరియం ఉన్న ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌తో ఖాళీగా ఉన్న లైసిన్లన్నిటికీ ప్రయోగశాలలోనే బరువైన ఎసిటైల్‌ను తగిలిస్తారు. ఇప్పుడు ప్రతి లైసిన్ మీదా ఎసిటైల్ ఉంది: కణం చేర్చినది తేలికది, పరిశోధకుడు చేర్చినది మూడు డాల్టన్లు బరువైనది. ముక్కలు ఒకే పొడవులో వస్తాయి. తేలికదాన్ని మొత్తంతో భాగిస్తే వంతు వస్తుంది. 2014లో ఇ. కోలై ప్రొటీన్ల మీద ఈ దారిలో కొలతలు వెలువడ్డాయి. దీనికీ ఒక హద్దు ఉంది. వాడిన రసాయనంలోనే నూటికి ఒక పాలు తేలిక ఎసిటైల్ కలిసి ఉంటే, నూటికి ఒకటి కంటే చిన్న వంతును నమ్మలేం. ఆ హద్దు కింద ఏముందో చూడడానికి, తెలిసిన మేరకు కొద్దిగా మాత్రమే ఎసిటైల్ చేర్చిన నమూనాతో సహజ నమూనాను పోల్చే పద్ధతిని వాడారు. అలా మానవ కణాల మీద చేసి 2019లో ప్రకటించిన అధ్యయనంలో వంతుల మధ్యగతం 0.02 శాతం.

పదివేలలో రెండు! అది నాలుగు రెట్లు పెరిగితే పదివేలలో ఎనిమిది. తక్కిన 9,992 అణువులు ఎప్పటిలాగే ఉన్నాయి. ‘ఎసిటైలేషన్ స్థాయి నాలుగు రెట్లు పెరిగింది’ అన్న వాక్యంలో అబద్ధం లేదు. కాని దాన్ని చదివినవారు ఆ ప్రొటీన్ పని మారిపోయిందనుకుంటారు. అదే అధ్యయనంలో ఒక శాతం దాటిన చోట్లు ఎక్కువగా జన్యు అనులేఖనానికి సంబంధించిన కేంద్రక ప్రొటీన్ల మీద, ఎసిటైల్‌ను చేర్చే ఎంజైమ్‌ల మీద కనిపించాయి. అక్కడ రెట్టింపు అన్న మాటకు బరువు వేరు. కనుక చిన్న వంతులన్నీ వ్యర్థమనడం నా ఉద్దేశం కాదు. వంతు చెప్పకుండా రెట్లు చెప్పిన వాక్యం సగం వాక్యమే అంటున్నాను.

3. మనవారి కొలత ఒకటి

యల్లాప్రగడ సుబ్బారావు గురించి తెలుగులో చదివిన రచనలలో నాకు ఎక్కువగా కనిపించేది జీవితకథ: 1895లో భీమవరంలో పుట్టుక, పేదరికం, అమెరికా ప్రయాణం, దక్కని గుర్తింపు. కొలత కథ వాటిలో ఒక పంక్తికి మించదు. ఇది లోపమని నా అభిప్రాయం. 1925లో ఫిస్కేతో కలిసి ఆయన ప్రకటించినది ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతి. ఫాస్ఫేట్ ఆమ్ల ద్రావణంలో మాలిబ్డేట్‌తో కలిసి, క్షయకరణం పొందితే నీలిరంగు వస్తుంది. నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత.

కండరాల సారంతో చేసినప్పుడు ఆ నీలం రావలసినంత వేగంగా రాలేదు. దానిని యంత్రలోపమని పక్కన పెట్టి, చివరికి తేలిన అంకెను మాత్రం రాసుకొని ఉంటే కథ అక్కడితో ముగిసేది. ఆలస్యానికి కారణం వెతికితే, అంతవరకు అకర్బన ఫాస్ఫేట్‌గా లెక్కించినదానిలో చాలా భాగం కొలిచే ఆమ్లంలోనే విరిగిపోతున్న మరో పదార్థమని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. ‘ఫాస్ఫేట్ స్థాయి’ అన్న ఒక్క అంకెలో రెండు పదార్థాలు దాగి ఉన్నాయి. విడదీయగలిగింది అంకె ఎలా వచ్చిందో గమనించిన చూపు. లైసిన్ కొలతను తెలుగులో రాసేవారికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తోచడం లేదు.

4. కొత్తవాడలో ‘వంతు’

నేను ఉండే కొత్తవాడ జంపఖానాలకు పేరున్న చోటు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నా సవరణ తిరిగి వచ్చిన వారంలో, నూలుకు రంగు వేసే ఒక పెద్దాయన దగ్గర కూర్చుని ఆయన మాటలను గమనించాను. ఒక చిలప మరో చిలప కంటే ముదురు అని చెప్పడానికి ఆయనకు ఒక తీరు మాట ఉంది. నూలు బరువుకు నూటికి ఎన్ని పాళ్లు రంగు వేశారో చెప్పడానికి మరో మాట ఉంది. తొట్టి నీళ్లలో మిగిలిపోయిన రంగును తీసేసి నూలు పట్టింది ఎంత అనడానికి ఇంకో మాట. ఈ మూడింటినీ ఆయన ఒకసారి కూడా ఒకే మాటతో చెప్పలేదు. చెబితే ఆ రంగు మళ్లీ రాదు, సరుకు తిరిగి వస్తుంది.

ఈ పోలిక ఒక చోట ఆగిపోతుంది. నూలు రంగును కొంచెం కొంచెంగా పట్టగలదు. ఒక అణువులోని ఒక లైసిన్ మాత్రం సమూహాన్ని పట్టుకుంటుంది లేదా పట్టుకోదు, మధ్యస్థితి లేదు. ‘స్థాయి’ అన్న మాట చేసే అసలు హాని ఇక్కడే. స్థాయి అనగానే మెట్టు, శ్రుతి, నీటిమట్టం మనసులోకి వస్తాయి. స్థాయి పెరిగిందంటే ప్రతి అణువూ కాస్త కాస్తగా మారినట్టు పాఠకుడు ఊహించుకుంటాడు. ‘వంతు’ అంటే లెక్క: ఇన్నింటిలో ఇన్ని. ఆ మాటలో ఊహకు చోటు తక్కువ.

ఆంగ్లంలోనూ ‘లెవెల్’ అన్న మాట ఇంతే వదులుగా వాడుతున్నారు కదా అని అడగవచ్చు. నిజమే. అందుకే అక్కడివారు వంతును చెప్పవలసివచ్చినప్పుడు స్టాయికియోమెట్రీ అన్న వేరే మాట వాడారు. దానినే తెలుగు లిపిలో తెచ్చుకుందామంటే, ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రంలో ఆ మాటకు చర్యలో పాల్గొనే పదార్థాల పరిమాణ సంబంధమని మన విద్యార్థి నేర్చుకొని ఉన్నాడు. మళ్లీ గందరగోళం. ‘వంతు’ కొత్తగా సృష్టించినది కాదు, ఎవరికీ నేర్పనక్కరలేదు. శాస్త్రీయంగా వినిపించదన్నదే దానిమీద ఉన్న ఏకైక ఆక్షేపణ. ఆ ఆక్షేపణతోనే నేను దాన్ని కొట్టేశాను.

సహోద్యోగిని వ్యాసంలోని వాక్యాన్ని ఆమె రాసినట్టే తిరిగి పెట్టాం. ఆమె ఒక్క చేర్పు మాత్రం చేశారు: ఆ వంతును ఏ పద్ధతితో కొలిచారో, ఆ పద్ధతి ఎంత చిన్న వంతు వరకు నమ్మదగినదో చెప్పే అర వాక్యం. ఇప్పుడా వాక్యం మునుపటికంటే ఇంకా ముతకగా ఉంది. నేను ముట్టుకోలేదు.